ఎర్రనీరు వచ్చే రోజుల్లో మా సైన్సు గది

మా ఊరు రాజోలు ప్రాంతంలో, గోదావరి పాయలైన వశిష్ఠకూ వైనతేయకూ నడుమ చిక్కిన నేల మీద ఉంది. అక్కడి ప్రాథమికోన్నత పాఠశాలలో నేను 1980ల చివరి సంవత్సరాలలో చదువుకున్నాను. ప్రతి ప్రాథమిక పాఠశాలకూ కనీసం రెండు గదులు, ఇద్దరు ఉపాధ్యాయులు, కొంత బోధన సామగ్రి ఉండాలన్న ఉద్దేశంతో 1987లో కేంద్ర ప్రభుత్వం ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకాన్ని మొదలుపెట్టింది. ఆ పథకం కిందనే మా బడికి ఒక సైన్సు పెట్టె వచ్చింది. పరీక్ష నాళికలు, గరాటు, భూతద్దం, ఉష్ణమాపకం, సారాయి దీపం, రెండు కడ్డీ అయస్కాంతాలు, వడపోత కాగితాలు అందులో ఉన్నట్టు నాకు బాగా గుర్తు. వరండా చివర, విరిగిన బల్లలు పడేసే గదిని శుభ్రం చేయించి, సున్నం కొట్టించి, ఆ పెట్టెను అక్కడ ఉంచారు. కిటికీ పక్కన ఒక పొడవాటి బల్ల, ఒక చెక్క బీరువా, నీళ్ళకు ఒక సిమెంటు గోలెం: మా సైన్సు గది అంతే.

అలాంటి పెట్టెలు తాళంలోనే ఉండిపోయిన బడులను నేను తరువాత చూశాను. దానికి ఉపాధ్యాయుల అశ్రద్ధ ఒక్కటే కారణమని నేను అనుకోను. స్టాకు రిజిస్టరులో ఎక్కిన ప్రతి గాజు వస్తువుకూ ప్రధానోపాధ్యాయుడు లెక్క చెప్పాలి. తనిఖీ రోజున ఒక నాళిక తక్కువైతే సంజాయిషీ రాయవలసింది ఆయనే. పిల్లల చేతికి ఇచ్చి పగలగొట్టించుకోవడం కన్నా తాళం వేసుకోవడం ఆయనకు క్షేమం. మా ప్రధానోపాధ్యాయులు మాత్రం రిజిస్టరులో ‘వాడకంలో పగిలినవి’ అని వేరుగా ఒక పేజీ పెట్టించారు. పగిలిన రోజునే తేదీ వేసి రాయించి, తాను సంతకం చేసేవారు. ఆ పేజీ ఉండబట్టే మేము ఆ వస్తువులను ముట్టుకోగలిగామని పెద్దయ్యాక గాని నాకు అర్థం కాలేదు. ఎవరూ మెచ్చుకోని పని అది, అందుకే ఇక్కడ ముందుగా చెబుతున్నాను.

సైన్సు మాస్టారు పక్క ఊరి నుంచి సైకిలు మీద వచ్చేవారు. “ముందు చెయ్యండర్రా, పుస్తకం తరువాత చూద్దాం” అనడం ఆయన అలవాటు. పెట్టెలోని నాళికలు తరగతి మొత్తానికి చాలేవి కావు గనుక ఊళ్ళో వైద్యం చేసే ఆర్‌ఎంపీ డాక్టరు గారి దగ్గర ఖాళీ ఇంజక్షను సీసాలు అడిగి తెప్పించి, వేడి నీళ్ళలో మరిగించి, మాకు తలా ఒకటి ఇచ్చేవారు. కొబ్బరి చిప్పలు మాకు గిన్నెలు, అరటి డొప్పలు పళ్ళేలు. ఇళ్ళలో ఖాళీ అయిన హార్లిక్స్ సీసాలన్నీ బీరువా పై అరలోకి చేరేవి. నేను అన్నిటికన్నా ఎక్కువగా చెప్పదలచుకున్నది ఆ సీసాలలో మేము చేసిన పని గురించే.

డెల్టాలో పుట్టినవారికి ఎర్రనీరు అంటే వేరే చెప్పనక్కరలేదు. వేసవిలో కాలువలు కట్టేస్తారు. కట్టే ముందే ఊరి మంచినీళ్ళ చెరువు నింపుకొని పెట్టుకుంటారు. జూన్‌లో మళ్ళీ కాలువలు వదులుతారు. ఎగువన వానలు ముదిరి గోదావరికి వరద తగిలాక, జూలై, ఆగస్టు నెలల్లో, ధవళేశ్వరం నుంచి వచ్చే నీటి రంగు మారిపోయి ఎర్రమట్టి కలిసిన నీరు కాలువల నిండా పారుతుంది. మా వైపుకు ఆ నీరు పి. గన్నవరం దగ్గర వైనతేయ మీదుగా కట్టిన అక్విడక్టు దాటి వస్తుంది. కింద నది, పైన కాలువ. భూమిలో తవ్వితే పడేది చాలాచోట్ల ఉప్పునీరే కాబట్టి, తాగడానికైనా వండుకోవడానికైనా ఆ కాలువ నీరే మాకు దిక్కు. ఇంట్లో మా అమ్మమ్మ బిందెలో నీళ్ళు పోసి, పటిక ముక్కను చేత్తో పట్టుకొని నాలుగు చుట్లు తిప్పి తీసేసేది. పటిక లేనినాడు చిల్లగింజను రాతి మీద అరగదీసి కలిపేది. సాయంత్రం తిప్పిన బిందెలో నీరు తెల్లవారేసరికి తేరుకొని ఉండేది. ఎందుకు తేరుకుంటుందని ఇంట్లో ఎవరినీ అడగాలని మాకు తోచలేదు.

ఆ ప్రశ్న బడిలోకి తెచ్చింది మాస్టారు. నేను ఆరో తరగతిలో ఉండగా, ఎర్రనీరు వచ్చిన వారంలోనే, ఆయన స్వయంగా కాలువ రేవులోకి దిగి రెండు బిందెల నీళ్ళు పట్టించుకొని వచ్చారు. ఒకే ఎత్తున్న మూడు గాజు సీసాలు కడిగి, ప్రతి సీసాకూ నిలువుగా ఒక కాగితపు ముక్క అంటించి, సెంటీమీటర్ల గీతలు గీయమన్నారు. బిందె అడుగు నుంచి చేత్తో బాగా కలియబెట్టి, మూడింటిలోనూ సమానంగా నీళ్ళు పోశాము. ఒకటి వట్టి నీరు. రెండో దానిలో గుప్పెడు కళ్ళుప్పు. మూడో దానిలో పటిక పొడి చిటికెడు. మూతలు బిగించి, తలకిందులు చేసి ఊపి, కిటికీ గట్టు మీద వరసగా పెట్టి, చూడమన్నారు.

సీసా గట్టు మీద పెట్టీ పెట్టకముందే అడుగున ఇసుక చేరిపోయింది. అది మూడింటిలోనూ ఒకటే తీరు. తరువాత చాలాసేపు ఏమీ జరగనట్టే కనిపించింది. మాస్టారు మధ్యలో ఏమీ చెప్పలేదు, వేరే పాఠమూ మొదలుపెట్టలేదు; ఐదు నిమిషాలకొకసారి ఒక్కొక్కరం వెళ్ళి చూసి, కనబడినది పలక మీద రాయాలి. ముందు తేడా పట్టుకున్నది పటిక సీసా దగ్గర నిలబడిన అమ్మాయి. నీటి మధ్యలో చిన్న చిన్న పొరకలు కడుతున్నాయనీ, అవి ఒకదానికొకటి అతుక్కొని పెద్దవై కిందికి దిగుతున్నాయనీ చెప్పింది. మధ్యాహ్నం గంట కొట్టేసరికి ఆ సీసా పైభాగం ఇంచుమించు తేటగా ఉంది. ఉప్పు వేసిన సీసా ఆ రోజు సాయంత్రానికి సగం తేరుకుంది. వట్టి నీటి సీసా మాత్రం మరునాడు ఉదయం కూడా ఎర్రగానే ఉంది. ఇసుక మీద సన్నని ఒండ్రు పొర చేరింది గాని, పైన నీరు మసకగానే నిలిచింది. శని, ఆదివారాలు గడిచి సోమవారం వచ్చి చూసినా పూర్తిగా తేటపడలేదు.

నీరు ఒంపేసి, అడుగున మిగిలిన మట్టిని అరటాకు మీద పరిచి, పొరలు విడదీసి చేత్తో పట్టి చూడమన్నారు. అడుగుది వేళ్ళకు గరగరలాడే ఇసుక. దాని మీదది ఇసుకా బంకా కాని మెత్తని ఒండ్రు; నలిపితే పొడి పొడిగా రాలేది. అన్నిటికన్నా పైనున్న పలుచటి పొర అరగదీసిన గంధంలా వేలికి పట్టుకొని, ఎండాక చర్మాన్ని బిగించింది. మా ఇళ్ళ చుట్టూ ఉన్న మూడు రకాల నేలలూ అవే: నది ఒడ్డున ఇసుక, నది నడుమ దిబ్బలైన లంకల్లో ఒండ్రు, వరి చేలలో బంకమట్టి. బరువైనది ముందు, తేలికైనది తరువాత దిగుతుందన్న ఒక్క మాటతో మా ఊరి నేల ఎందుకు అక్కడొక తీరుగా, ఇక్కడొక తీరుగా ఉందో తెలిసిపోయింది. ఆ మాట కూడా మాస్టారు చెప్పలేదు, మా నోటి నుంచే రప్పించారు.

బీరువాలో ఇంకొక సీసా ఉండేది. మాఘమాసంలో అంతర్వేది తీర్థానికి వెళ్ళినప్పుడు ఎవరో పట్టి తెచ్చిన సముద్రపు నీరు అది. అంతర్వేదిలో వశిష్ఠ సముద్రంలో కలిసే చోటును అన్నాచెల్లెళ్ళ గట్టు అంటారు. ఒక పక్క నది నీరు, ఒక పక్క సముద్రపు నీరు కనిపించే చోటది. మాస్టారు ఆ సీసా తీసి, సగం సముద్రపు నీటిలో సగం కాలువ నీరు పోసి, కదపకుండా పెట్టారు. ఉప్పు వేసిన సీసాలో జరిగిందే ఇక్కడా జరిగింది. అప్పుడు, “మరి గోదారి సముద్రంలోకి వెళ్ళే చోట ఈ మట్టి ఏమవుతుందర్రా?” అని అడిగారు. తరగతిలో అందరికన్నా వెనక కూర్చునే ఒక కుర్రవాడు, వేటకు వెళ్ళే ఇంటివాడు, లేచి నిలబడి, “అక్కడ మేట వేసేస్తదండి మాస్టారూ. ఒక ఏడు పడవ వెళ్ళిన దారిలో మరుసటేడు వెళ్ళదండి. మా నాన్న గెడతో చూసుకుంటా వెళ్తాడండి” అన్నాడు. మాస్టారు అతన్ని బల్ల దగ్గరికి పిలిచి, ఆ మిగతా పాఠం అతని చేతే చెప్పించారు. ప్రవాహం నెమ్మదించడం, ఉప్పునీరు తగలడం, మట్టి గుంపులు కట్టి దిగడం, మేట పెరిగి లంక కావడం అన్నీ ఆ కుర్రవాడు తాను చూసిన చోట్ల పేర్లతో సహా చెప్పాడు. డెల్టా అన్న మాట సాంఘిక శాస్త్రం పుస్తకంలో మాకు అంతకుముందే ఉంది. అది మా కాళ్ళ కింద ఉన్నదని ఆ రోజున తెలిసింది.

దీనికి రసాయన కారణం నేను కాలేజీలో చదువుకున్నాను. బంకమట్టి రేణువుల పైతలం మీద రుణ విద్యుదావేశం ఉంటుంది. అన్నిటికీ ఒకే ఆవేశం ఉండడంతో అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ, దిగకుండా నీటిలోనే తేలుతూ ఉంటాయి. ఉప్పులోని సోడియం అయాన్లు ఆ ఆవేశాన్ని కప్పి, రేణువులు దగ్గరకు చేరేలా చేస్తాయి. పటికలోని అల్యూమినియం అయాన్‌కు మూడు ధనావేశాలు ఉన్నందువల్ల ఆ పని చాలా కొద్ది మోతాదుతోనే, చాలా త్వరగా జరుగుతుంది. అందుకే ఉప్పు గుప్పెడు కావలసి వచ్చింది, పటిక చిటికెడు సరిపోయింది. కాలేజీలో అధ్యాపకులు బోర్డు మీద ఆ సూత్రం రాస్తున్నప్పుడు నేను దాన్ని కంఠస్థం చేయవలసిన అవసరం రాలేదు. కిటికీ గట్టు మీది మూడు సీసాలూ నాకు అలాగే కళ్ళకు కట్టాయి.

ఆ పాఠానికి కొనసాగింపు నది ఒడ్డున జరిగింది. 1986 ఆగస్టు వరద మాకు అప్పటికింకా మరపునకు రాలేదు. భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరిన వరద అది. లంకల్లో వాళ్ళు పశువులతో సహా ఏటిగట్టు మీదికి చేరి ఉన్న రోజులు మా అందరికీ గుర్తే. వరద తీశాక చేలలో, ఇళ్ళలో కూడా ఒండ్రు మిగిలింది. శీతాకాలంలో, నీరు బాగా తగ్గిన తరువాత, మాస్టారు మమ్మల్ని ఏటి ఒడ్డుకు తీసుకువెళ్ళి, ప్రవాహం నిలువుగా కోసిన ఒక చోట నిలబెట్టారు. ఆ కోతలో చారలు చారలుగా పొరలు కనిపించాయి: ముతక ఇసుక, దాని మీద సన్న ఇసుక, ఆపైన ఒండ్రు, మళ్ళీ ముతక ఇసుక. మేము చెక్క స్కేళ్ళు ఆనించి కొలిచి, పొరకొకటి చొప్పున పొట్లాలు కట్టి, మీద నంబర్లు రాశాము. అక్కడికి దగ్గరలో పొగాకు నాట్లు వేసుకుంటున్న ఒక ముసలి రైతు వచ్చి, పైనున్న లేత రంగు పొర ఆ పెద్ద వరదదేనని వేలు పెట్టి చూపించాడు. ఆ ఒండ్రు పడ్డాక రెండేళ్ళు ఎరువు లేకుండా పంట తీశానని చెప్పాడు. మాస్టారు ఆయనకు నమస్కారం పెట్టి, “మా పిల్లలకు ఇంకొంచెం చెప్పండి బాబాయిగారూ” అన్నారు. ఆ పొట్లాలు నేను ఏడో తరగతి పూర్తి చేసి వెళ్ళేవరకు బీరువాలోనే ఉన్నాయి.

ఇసుకతోనే ఇంకొక ఆట ఉండేది. అయస్కాంతానికి పలుచటి కాగితం చుట్టి ఎండిన ఇసుకలో లాగితే, నల్లని రేణువులు గడ్డం కట్టి అంటుకునేవి. అవి మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజపు రేణువులు. కాగితం విప్పితే అన్నీ రాలిపోయేవి గనుక సేకరణ సులువు. కొవ్వొత్తి మీద గాజు గ్లాసు బోర్లించడం, భూతద్దంతో ఎండలో కాగితం కాల్చడం అందరి బడుల్లోనూ చేసేవే.

రంగుల పాఠం గురించి మాత్రం చెప్పకుండా ఉండలేను. పసుపు నీళ్ళలో ముంచి ఆరబెట్టిన వడపోత కాగితం మీద సున్నపు తేట చుక్క వేస్తే ఎర్రబారింది. “ఇది మీరెక్కడైనా చూశారా?” అని అడిగితే, ఆడపిల్లలమంతా ఒక్క గొంతుతో “పారాణి” అన్నాము. పెళ్ళికూతురి పాదాలకు పెట్టే పారాణిలోనూ, దిష్టి తీసే నీళ్ళలోనూ ఉన్నది పసుపు, సున్నమే. ఆ ఎర్రటి మరక మీద నిమ్మరసం వేస్తే మళ్ళీ పసుపు పచ్చ. ఎర్ర మందార రేకలను కాగితం మీద రుద్దితే వచ్చిన రంగు చింతపండు రసానికి గులాబీ ఛాయలోకి, చాకలి సోడాకు ఆకుపచ్చలోకి మారింది. పెట్టెలో లిట్మస్ కాగితాలు అయిపోయాక కూడా మాకు ఆ పాఠం ఆగలేదు. బడి ఆవరణలో మందార చెట్టు ఉంది.

అయోడిన్ రోజున అరటికాయలు తెచ్చారు. ఒక పచ్చికాయ, ఒక దోరకాయ, ఒక బాగా మగ్గిన పండు. మూడింటినీ బిళ్ళలుగా కోసి, నీళ్ళు కలిపిన టింక్చరు అయోడిన్ చుక్కలు వేశాము. పచ్చికాయ బిళ్ళ నల్లటి నీలంగా మారింది. దోరది అక్కడక్కడా మరకలు పడింది. పండు మీద అయోడిన్ రంగే ఇంచుమించు అలా ఉండిపోయింది. కాయలోని పిండి పదార్థం పండులో చక్కెరగా మారిందని అప్పుడు చెప్పారు. ఇంటి వెనక పెరట్లో అరటి గెలలను గదిలో పెట్టి మగ్గబెట్టే మాకు ఆ గదిలో ఏమి జరుగుతున్నదో ఆ నీలిరంగు చెప్పింది.

ఆ రోజునే మాస్టారు ఎల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి చెప్పారు. 1895లో మన పక్కనే ఉన్న భీమవరంలో పుట్టి, అమెరికా వెళ్ళి, 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి, రక్తంలోనూ మూత్రంలోనూ ఉన్న భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించిన శాస్త్రవేత్త ఆయన. ఆ పద్ధతిలో కూడా చివరకు వచ్చేది నీలిరంగే. ఆ నీలం ఎంత చిక్కగా ఉంటే అంత భాస్వరం ఉన్నట్టు. మాస్టారు మా బిళ్ళలను తక్కువ నీలం నుంచి ఎక్కువ నీలం దాకా వరసగా పేర్పించి, “ఆయన చేసిన పని ఇలాంటిదే, ఇంకా చాలా జాగ్రత్తగా చేశారు” అన్నారు. గొప్పవాళ్ళ గురించి పిల్లలకు చెప్పవలసిన పద్ధతి ఇదేనని నేను ఇప్పటికీ గట్టిగా నమ్ముతాను. ఆయన జీవిత చరిత్రంతా చెప్పినా అంత దగ్గరివాడుగా అనిపించి ఉండేవాడు కాదు. మా చేతిలో ఉన్న రంగూ ఆయన చేతిలోని రంగూ ఒక తీరువని చెప్పడంతో ఆయన మా వాడయ్యాడు.

ఇప్పుడు పిల్లలకు ఇవన్నీ తెర మీద కనిపిస్తున్నాయి, నిమిషంలో మట్టి దిగిపోయి నీరు తేటపడే వీడియోలతో సహా. వాటిని నేను తీసిపారెయ్యను; సూక్ష్మదర్శిని కింద మాత్రమే కనిపించేవి అలా చూడడం మంచిదే. కాని ఎర్రనీటి పాఠంలో అసలు విషయమంతా ఆలస్యంలో ఉంది. వట్టి నీటి సీసా సోమవారానికి కూడా తేరకపోవడం చూసినవారికే, సముద్రం దాకా ఆ మట్టి ఎలా తేలుతూ వెళ్ళగలదో అర్థమవుతుంది. తెర మీద ఆ మూడు రోజులను కత్తిరించేస్తారు.

ఈ పాఠాన్ని డెల్టాలోని ప్రతి బడీ ఏటా చేయాలని నా కోరిక. దానికి ఇప్పుడు ఇంకొక కారణం కూడా ఉంది. ఎగువన ఆనకట్టలు పెరిగిన కొద్దీ గోదావరి సముద్రానికి మోసుకువచ్చే ఒండ్రు తగ్గింది. తీరంలో కొన్ని చోట్ల నేల కోతకు గురవుతున్నది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ హెచ్చరిక వచ్చిన వారంలో ఒకే కొలత సీసాలో కాలువ నీరు పట్టి, పటిక వేసి, దిగిన మట్టి మందాన్ని గోడ మీది పట్టికలో రాసిపెడితే, పదేళ్ళకు ఆ బడి పిల్లల దగ్గర తమ నీటి గురించి తాము కొలిచిన లెక్క ఉంటుంది. నీళ్ళు మాత్రం పెద్దవాళ్ళే పట్టి తేవాలి. వరద రోజుల్లో పిల్లలను రేవులోకి దింపకూడదు. కలిపిన నీరు తాగడానికి కాదని కూడా ముందే చెప్పాలి.

మా ఊరి బడిలో ఇప్పుడు పనిచేస్తున్న సైన్సు టీచరమ్మగారికి ఇదంతా రాసి పంపాను. ఈ ఏడు ఎర్రనీరు రాగానే మొదలుపెడతామని ఆవిడ ఫోను చేసి చెప్పారు. పటిక కిరాణా కొట్టులో దొరుకుతున్నదట, కళ్ళుప్పుకు లోటు లేదు. ఒకే ఎత్తున్న పొడవాటి గాజు సీసాలే దొరకడం లేదట, అన్నీ ప్లాస్టిక్‌వే వస్తున్నాయి. రాజోలు వైపు వెళ్ళేవారి ఇళ్ళలో మూతలు సరిగా ఉన్న పాత గాజు సీసాలు ఉంటే దయచేసి కడిగి ఇవ్వండి. జూలై మొదటి వారానికి అందితే చాలన్నారు.